వేలు చెప్పే మాట

చేతిలో ఒక దారం, దారం కొసన ఒక ఉంగరం. మోచేతిని బల్లమీద ఆనించి, దారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఉంగరం కుడి ఎడమలకు ఊగుతున్నట్టు మనసులో ఊహించుకోవాలి. చేతిని మాత్రం కదపరాదు. కొద్దిసేపటిలో చాలామంది చేతుల్లో ఉంగరం ఊగనారంభిస్తుంది. ఇప్పుడది గుండ్రంగా తిరుగుతున్నట్టు ఊహిస్తే, కాస్త తడబడి, గుండ్రంగా తిరుగుతుంది. పట్టుకున్నవారు తాము కదపలేదని ప్రమాణం చేసి చెప్పగలరు. వారు అబద్ధమాడటం లేదు. అయినా కదిపింది వారే.

ఈ చిన్న వింత వెనుక రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో ఒక రసాయన శాస్త్రజ్ఞుడు, ఒక బల్ల, ఒక గుర్రం, కొందరు హిప్నాటిస్టులు, చివరకు చెల్లాచెదురైన కొన్ని కుటుంబాలు కనబడతాయి. శరీరం తనంతట తాను కదిలినప్పుడు అది ఎవరి మాట పలుకుతోంది? ఆ ప్రశ్న నడచివచ్చిన దారిని చూపించడమే ఈ టపా ఉద్దేశం.

* * *

మిషెల్ యూజీన్ షెవ్రోల్ (1786-1889) ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు. కొవ్వుల రసాయన స్వభావాన్ని తేల్చినవాడు, రంగుల పరస్పర ప్రభావంమీద గొప్ప గ్రంథం వ్రాసినవాడు, నూటరెండేళ్ళు బతికినవాడు. ఈఫిల్ టవర్‌మీద చెక్కిన 72 మంది శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లలో ఆయనదీ ఒకటి.

లోహాలమీదనో నీటిమీదనో దారంతో వేలాడదీసిన ఉంగరం దానంతటది ఊగుతుందని, అది ఆ పదార్థంలోని ఏదో శక్తికి నిదర్శనమని ఆ రోజుల్లో కొందరు పండితులు సైతం నమ్మేవారు. షెవ్రోల్ 1812లో స్వయంగా పరీక్షించాడు. పాదరసం నింపిన పాత్రమీద ఆయన పట్టిన లోలకం నిజంగానే ఊగింది. నడుమ గాజుపలక అడ్డు పెట్టించాడు. ఊపు తగ్గి, ఆగిపోయింది. పలక తీసేస్తే మళ్ళీ ఊగింది. మరొకరైతే అక్కడే ఆగి, కొత్త శక్తిని కనుగొన్నానని చాటింపు వేసుకొని ఉండేవారు.

ఆయన ఆగలేదు. చేతికి ఆధారం ఇచ్చి చూశాడు. ఆధారం భుజం దగ్గరనుండి వేళ్ళవైపు జరిగేకొద్దీ ఊపు సన్నగిల్లింది. పిమ్మట కళ్ళకు గంతలు కట్టించుకున్నాడు. తనకు తెలియకుండా గాజుపలకను పెట్టమన్నాడు, తీయమన్నాడు. ఇక ఆ పలక ఉన్నా లేకపోయినా లోలకానికి పట్టలేదు. ఊపుకు కారణం పాదరసం కాదు, దానిని చూస్తున్న తన కన్ను, ఊగుతుందేమోనన్న తన అపేక్ష. ఆ తలంపే తనకు తెలియకుండా కండరాలలోకి ప్రవహించింది. ఈ సంగతిని ఆయన 1833లో భౌతిక శాస్త్రజ్ఞుడు ఆంపియర్‌ను ఉద్దేశించి ఒక బహిరంగ లేఖగా ప్రచురించాడు.

నాకు ఈ కథలో అన్నిటికన్న నచ్చేది ఆయన ఎంచుకున్న సాక్షి. మోసగాళ్ళను పట్టుకోవడానికి ఆయన బయలుదేరలేదు. అనుమానించింది తన చేతినే.

* * *

ఈ చేష్టకు పేరు పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన శరీరశాస్త్రవేత్త విలియం బెంజమిన్ కార్పెంటర్. 1852లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేసిన ఉపన్యాసంలో, ఇచ్ఛతో ప్రమేయం లేకుండా కేవలం భావంవల్ల కలిగే కండరాల కదలికను ‘ఇడియోమోటర్’ చర్య అన్నాడు. మనం ‘భావచలనం’ అనుకుందాం. మాంచెస్టరులో వైద్యం చేస్తూ, 1843లో వెలువరించిన గ్రంథంతో ‘హిప్నాటిజం’ అన్న మాటను నిలబెట్టిన జేమ్స్ బ్రెయిడ్‌కు ఈ వివరణ నచ్చింది. ప్రయోక్త చేతినుండి ఏ అయస్కాంత ద్రవమూ ప్రవహించడం లేదని, పనిచేసేది రోగి మనసులో స్థిరపడిన భావమేనని ఆయన వాదం. భావచలనానికీ హిప్నాటిజానికీ చుట్టరికం ఆనాటినుండే కలిసింది.

మరుసటి ఏడాది, 1853లో, ఐరోపా అంతటా బల్లలు తిప్పే వెర్రి వ్యాపించింది. నలుగురు చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే చాలు, బల్ల పక్కకు జరిగేది, గిరగిర తిరిగేది. ఆత్మలు అన్నారు కొందరు, విద్యుత్తు అన్నారు కొందరు. విద్యుత్తు పేరు వినబడేసరికి మైకేల్ ఫారడే నోరు విప్పక తప్పలేదు. ఆయన అట్టముక్కలను మెత్తని జిగురుతో ఒకదానిపై ఒకటి అతికించి, చేతులకూ బల్లకూ నడుమ ఉంచాడు. బల్లే ముందు కదిలితే కింది అట్ట ముందుకు జరగాలి, చెయ్యి ముందు కదిలితే పై అట్ట జరగాలి. పై అట్టలే జరిగాయి. తరువాత చేతి కదలికను చూపే ఒక ముల్లును అమర్చి, కూర్చున్నవారికి కనబడేటట్టు పెట్టాడు. తమ చేతులు నెడుతున్నాయో లేదో కళ్ళకు కనబడుతున్నంతసేపు బల్ల కదలలేదు. వారందరూ నిజాయితీపరులే. తెలియగానే చెయ్యి ఆగిపోయింది, అంతే.

* * *

బెర్లినులో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడికి హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడికలు, భిన్నాలు, తేదీలు ఏమడిగినా గిట్టతో నేలమీద తట్టి సమాధానం చెప్పేది. 1904లో ఒక సంఘం పరీక్షించి, మోసమేమీ లేదని తేల్చింది. ఆ తీర్పు సరైనదే, కాని అసంపూర్ణం. తరువాత ఓస్కర్ ఫుంగ్‌స్ట్ అనే యువ పరిశోధకుడు ఓపికగా చూశాడు. ప్రశ్న అడిగేవారికి జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియదు. అడిగేవారు కనబడకపోయినా తెలియదు. గుర్రం లెక్కపెడుతుంటే చూసేవారు కొద్దిగా ముందుకు వంగేవారు. సరైన సంఖ్య రాగానే వారి తల లేశమాత్రం పైకి లేచేది. హాన్స్‌కు గణితం రాదు, మనుషులను చదవడం వచ్చు.

ఫుంగ్‌స్ట్ 1907లో ప్రచురించిన గ్రంథంలో గుర్రంకన్న ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. రహస్యమంతా తెలిసిన తరువాత కూడా, ఆ సైగ ఇవ్వకుండా ఉండటం ఆయనకే అలవికాలేదు. ఇంకొక అడుగు వేసి, ప్రయోగశాలలో తానే గుర్రంగా మారాడు. ఎదుటివారు ఒక సంఖ్యను తలచుకుంటే, వారి తల కదలికనుబట్టి తట్టడం ఆపేవాడు. చాలామంది విషయంలో అది ఫలించింది. అంటే మనకు తెలియకుండా చెప్పడమే కాదు, ఎదుటివారి మౌన సంకేతాలను తెలియకుండానే వినడం కూడా ప్రాణులకు చేతనవుతుంది. చికిత్సాలయంలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషుల విషయంలో ఈ మాట గుర్తుంచుకోవాలి.

* * *

ఇరవయ్యో శతాబ్దంలో ఈ చేష్టను వైద్యానికి వాడినవారిలో అగ్రగణ్యుడు అమెరికన్ మనోవైద్యుడు మిల్టన్ ఎరిక్సన్ (1901-1980). పదిహేడేళ్ళ వయసులో పోలియో ఆయనను మంచాన పడవేసింది. కుర్చీకి కట్టి కూర్చోబెట్టినప్పుడు, కిటికీలోంచి బయటకు చూడాలని గాఢంగా తపించేసరికి ఆ ఊగుడు కుర్చీ కొద్దిగా కదలిందని, కోరిక కండరాన్ని కదపగలదని అప్పుడే గ్రహించానని ఆయన తరువాత చెప్పుకున్నాడు. సమ్మోహనంలోకి వెళ్ళే వ్యక్తి చెయ్యి తనంతట తాను గాలిలోకి తేలడం, నోరు ఒకటి చెబుతుంటే తల మరొకటి చెబుతూ ఆడటం, ఇవన్నీ ఆయన చికిత్సలో పరికరాలయ్యాయి.

దీనిని ఒక పద్ధతిగా కూర్చినవారు మనస్తత్వవేత్త లెస్లీ లెక్రాన్, ప్రసూతి వైద్యుడు డేవిడ్ చీక్. 1968లో ఇద్దరూ కలిసి ఒక గ్రంథం వెలువరించారు. రోగి తేలికపాటి సమ్మోహనంలో ఉండగా, ‘అవును’కు ఒక వేలును, ‘కాదు’కు ఒక వేలును, ‘తెలియదు’కు మూడవదానిని, ‘చెప్పదలచుకోలేదు’ అనడానికి నాలుగవదానిని ఎంచుకోమని అంతశ్చేతనను కోరతారు. ఆపైన ప్రశ్నలు. కావాలని ఎత్తిన వేలు చురుకుగా, నునుపుగా లేస్తుంది. తనంతట తాను లేచే వేలు మాత్రం సన్నగా వణుకుతూ, ఆగి ఆగి లేస్తుందని ఈ చికిత్సకులు చెబుతారు. తన వేలు లేవడం చూసి రోగే నివ్వెరపోవడం కద్దు.

ఇంతవరకు తప్పు పట్టవలసినది లేదు. నోరు విప్పలేని భయాన్ని, సిగ్గును వేలు పలికించవచ్చు. ఆ నాలుగవ వేలు ఎంత ఉదారమైన ఏర్పాటో చూడండి: నిరాకరించే హక్కును శరీరానికి ఇచ్చింది. చిక్కు ప్రశ్నలో ఉంది. ‘ఈ బాధను వదిలిపెట్టడానికి సిద్ధమేనా?’ అన్నది ఒక జాతి ప్రశ్న. ‘మూడో ఏట నీకు ఎవరైనా హాని చేశారా?’ అన్నది మరొక జాతి. మొదటిదానికి సాక్షి రోగి మనసే. రెండవదానికి సాక్షి లోకం. చీక్ ఈ గీతను దాటాడు. మత్తులో ఉన్న రోగి శస్త్రచికిత్సలో విన్న మాటలను వేలితో చెప్పగలడని 1959లో వ్రాశాడు. 1974లో, పుట్టిన క్షణానికి వెనక్కు తీసుకువెళ్ళినవారి తల, భుజాల కదలికలు వారి జననాన్ని తిరిగి అభినయిస్తాయని వ్రాశాడు. ప్రశ్నలడిగింది ఒక ప్రసూతి వైద్యుడే. హాన్స్ ఎదుట నిలబడినవారికి జవాబు ముందే తెలుసునన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

హిప్నాటిజం ద్వారా రాబట్టిన జ్ఞాపకాలు మామూలు జ్ఞాపకాలకన్న నమ్మదగినవి కావని, వాటిలో కల్పనలు చేరతాయని, అయినా చెప్పేవారి నమ్మకం మాత్రం పెరుగుతుందని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి నివేదిక 1985లో హెచ్చరించింది.

* * *

ఆ గీత దాటితే ఏమవుతుందో సమ్మోహనం ప్రమేయం లేకుండానే లోకం చూసింది. మాటలు రాని ఆటిజం పిల్లల చేతిని ఒక సహాయకురాలు పట్టుకుంటే, ఆ పిల్లవాడు అక్షరాల పలకమీద వాక్యాలు కూర్చగలడన్న పద్ధతి ఆస్ట్రేలియాలో రోజ్‌మేరీ క్రాస్లీ ద్వారా మొదలై, 1990 తరువాత డగ్లస్ బిక్లెన్ ద్వారా అమెరికాలో వ్యాపించింది. ఏళ్ళ తరబడి మౌనంగా ఉన్న బిడ్డ ‘అమ్మా’ అని వ్రాస్తే ఏ తల్లి సందేహిస్తుంది? కొంతకాలానికి ఆ పలకలమీద వేరే వాక్యాలు వచ్చాయి: తల్లిదండ్రులు తమను లైంగికంగా హింసించారని. కొందరు తండ్రులు అరెస్టయ్యారు. కొందరు పిల్లలను ఇళ్ళనుండి తీసుకుపోయారు.

పరీక్ష షెవ్రోల్ పెట్టినదే. పిల్లవాడికి ఒక బొమ్మ, సహాయకురాలికి వేరొక బొమ్మ, ఒకరిది ఒకరికి కనబడకుండా. న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక సంస్థలో పన్నెండుమందితో జరిగిన అటువంటి పరీక్ష ఫలితాలు 1993లో వెలువడ్డాయి. పిల్లవాడు మాత్రమే చూసిన బొమ్మ పేరు ఒక్కసారీ రాలేదు. సహాయకురాలు చూసినదాని పేరు వచ్చింది. 1994లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఈ పద్ధతికి శాస్త్రీయమైన ఆధారం లేదని తీర్మానించింది. ఆ సహాయకులు దుర్మార్గులు కారు. పిల్లల పక్షాన నిలిచామనే వారు నమ్మారు. నమ్మకం ఎంత గట్టిదైతే చెయ్యి అంత తేలికగా కదులుతుంది. ఇక్కడ మొదటినుండీ వినబడనిది పిల్లవాడి గొంతే.

* * *

షెవ్రోల్ 1854లో వెలువరించిన గ్రంథం లోలకంతో, తిరిగే బల్లలతో పాటు, నేలలో నీటిని చూపే పంగలకర్రను కూడా చర్చించింది. ఆ కర్ర మనకు కొత్తది కాదు. రాయలసీమలో బోరు వేయించే ముందు వేప పంగలకర్రతోనో, అరచేతిలో పడుకోబెట్టిన కొబ్బరికాయతోనో పొలమంతా నడిచేవారున్నారు. కాయ నిట్టనిలువుగా లేచినచోట నీరు. కాయను లేపేది ఆ అరచేయే. అయితే ఆ చెయ్యి వట్టిది కాకపోవచ్చు. ఏ చెట్టు ఉన్నచోట, ఎటువంటి పుట్ట ఉన్నచోట, ఎంత లోతున జల ఉంటుందో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమంతా చెప్పాడు. ఏళ్ళ తరబడి నేలను చూసిన కన్ను పోగుచేసిన తెలివి, మాటల్లోకి రాకుండానే చేతిలోకి దిగవచ్చు. కాని కంటికి అందనిది చేతికీ అందదు. గట్టిరాతి అడుగున ఏ పగులులో నీరుందో కాయకు తెలియదు. ఎండిపోయిన బోరు అప్పు మాత్రం రైతుదే.

కనుక వేలు అబద్ధమాడదన్న మాట నిజమే. కాని అబద్ధమాడకపోవడం వేరు, సత్యం తెలిసి ఉండటం వేరు. వేలు చెప్పేది మనిషి లోపల ఉన్నదానిని: భయాన్ని, కోరికను, గమనించినట్టు తెలియని గమనికను, ఒక్కోసారి ఎదుట కూర్చున్నవాడి అపేక్షను. అది లోపలి కబురు. దానిని శ్రద్ధగా వినవలసిందే. ఆ కబురుమీద ఒక మనిషిని జైలుకు పంపవలసి వచ్చినా, ఒక బావి తవ్వవలసి వచ్చినా, షెవ్రోల్ తన కళ్ళకు తానే కట్టించుకున్న ఆ గంతలను ముందుగా అడిగి తెచ్చుకోవాలి.