నావికాధిపతులును చిన్న పడవలును

బొంబాయినుండి అహమ్మదాబాదునకు పోవు రైలుదారిలో, సూరతునకు కొంచెము దక్షిణముగా, సచిన్ అను స్టేషను కలదు. నేడా పేరు వినగనే వస్త్రములకు రంగులద్దు మిల్లులును, వాని పొగగొట్టములును తలపునకు వచ్చును. సముద్రము అక్కడినుండి కనబడదు. అయినను 1791 మొదలు 1948 వరకు ఈ ఊరి పేరిట ఒక చిన్న సంస్థానమును పాలించిన నవాబులు సముద్రముచే బ్రతికి, సముద్రముచే పేరుపొందిన వంశమువారు. వారి పూర్వులు ఆఫ్రికానుండి వచ్చిన సిద్దీలు. మొగలు చక్రవర్తులకు పశ్చిమ సముద్రమున నౌకాబలమును నడపినవారు. సముద్రమును విడిచిపెట్టి వారు పొందిన భూమియే సచిన్.

ఈ వంశపు కథ చరిత్ర గ్రంథములందు చక్కగా నమోదైనది. కొంకణ తీరమున, కెరటముల నడుమ నిలిచిన జంజీరా దుర్గము సిద్దీలకు స్థానము. తొలుత అహమ్మదునగరు, బిజాపురము సుల్తానులకు లోబడియుండి, 1670 ప్రాంతమున వారు ఔరంగజేబు కొలువులో చేరిరి. సూరతు ఆదాయమునుండి వారికి జీతము ముట్టుచుండెను. సూరతునుండి మక్కాకు పోవు యాత్రికుల నౌకలకును, వర్తక నౌకలకును కాపుండుట వారి పని. శివాజీయు, ఆయన వారసులును, పేష్వాలును ఎన్నిమార్లు యత్నించినను జంజీరా వారికి లొంగలేదు.

అంతటి నౌకాధిపతులకు సైతము లొంగక తప్పని శక్తి యొకటుండెను. అది నైరృతి ఋతుపవనము. వర్షాకాలము రాగానే సిద్దీల నౌకాదళము బొంబాయిలోని మజగావు రేవున తలదాచుకొనెడిది. ఇంగ్లీషు కంపెనీవారు వలదనుటకు మొగలు చక్రవర్తికి భయపడుదురు. రమ్మనుటకు శివాజీకి భయపడుదురు. పదునేడవ శతాబ్దపు బొంబాయి రాజకీయములో ఈ చిక్కు పలుమార్లు తలయెత్తినది. ఫిరంగులున్న నౌకలుకూడ ఆకాశమును చూచి ఒడ్డు చేరవలసినదే.

1759లో కంపెనీవారు సూరతు కోటను పట్టుకొనిరి. చక్రవర్తి నౌకాబలమునకు అధిపత్యముకూడ సనదుల మూలమున వారికే దక్కెను. సిద్దీల సముద్రాధికారమునకు సూరతులో అంతటితో తెరపడినది. తరువాత జంజీరాలో వారసత్వపు తగవు పుట్టినది. ఆ గద్దెకు హక్కుదారుడైన సిద్దీ అబ్దుల్ కరీంఖాను—బాలూమియా యని ప్రసిద్ధుడు—1791 జూన్ 6వ తేదీన పేష్వాతో ఒడంబడిక చేసికొనెను. జంజీరాపై తన హక్కును పేష్వాకు వ్రాసియిచ్చి, అందుకు మారుగా సూరతు సమీపమున కొన్ని గ్రామములను పొందెను. వింత యేమనగా, పేష్వాకు జంజీరా ఎన్నడును చిక్కలేదు. బాలూమియాకు మాత్రము సచిన్ దక్కినది. ఏబది చదరపు మైళ్లకు మించని ఆ సంస్థానపు గ్రామములు ఒక్కచోట నుండక, ఇంగ్లీషువారి భూములకును బరోడా భూములకును నడుమ చెదరియుండెను. 1948 మార్చిలో సంస్థానము బొంబాయి రాష్ట్రమున కలిసిపోయినది. 1960 మే 1నుండి ఆ నేల గుజరాతు రాష్ట్రములోనిది.

ఇది నౌకాధిపతుల చరిత్ర. వీరు సముద్రమును విడిచిన తరువాత సముద్రముమీద మిగిలిన వారెవరు? సూరతు తీరమున మాఛీలు, కోళీలు, ఖార్వాలు. సుల్తానులకు ముందును వారే చేపలు పట్టిరి. నవాబులు పోయిన పిమ్మటను వారే పట్టిరి. వారు ఏ రాజుతోను ఒడంబడిక వ్రాసికొనలేదు గనుక వారి పేర్లు దస్తావేజులలో లేవు. వారి చరిత్ర తెలియవలెనన్న వారి పడవను, వలను, పంచాంగమును చూడవలెను.

తపతీనది సముద్రమున కలియుచోటికి దక్షిణమున దుమాసు కలదు. సచిన్ నవాబులకు అక్కడ ఒక నివాసభవనముండెడిది. ఇసుక నల్లనిది, దానికవతల బురదమేటలు. ఇచ్చటి సముద్రము తెలుగువా డెరిగిన సముద్రము కాదు. ఖంభాతు సింధుశాఖ గరాటువలె లోనికి పోను పోను ఇరుకగుటచే పోటునీరు అందులో చిక్కుకొని పైకెగయును. భావనగరమువద్ద పెద్దపోటు పది మీటర్లకు మించును. దుమాసువద్ద అంత లేకున్నను, మనిషి నిలువునకు రెండు మూడింతల నీరు ఆరు గంటలలో వచ్చి, మరి ఆరు గంటలలో పోవును. పాటువేళ చూచినచో కనుచూపుమేర బురదయే. కొన్ని గడియల పిమ్మట అక్కడనే పడవలు తేలుచుండును. విశాఖపట్టణమున పోటుపాటుల భేదము రెండు మీటర్లకు లోపే. ఆటుపోట్లు అను మాటను మన కవులు జీవితమునకు అలవోకగా వాడుదురు. ఖంభాతు జాలరికి అది గడియారము.

ఆ గడియారమునకు తగినదే అక్కడి వల. డోల్ అను సంచివలను, సముద్రపు అడుగున దింపిన గుంజలకు గట్టిగా కట్టుదురు. వల నోరు ప్రవాహమునకు ఎదురుగా నుండును. జాలరి చేపను తరుమడు. పోటు చేపను తెచ్చి వలలో పోయును. నీరు నిలకడకు వచ్చు కొద్ది సేపటిలోనే పడవ ఆ వలను చేరవలెను. సంచిని ఎత్తవలెను, ఖాళీచేయవలెను, మరల కట్టవలెను. ఆ సేపు దాటినచో ప్రవాహము తిరుగబడును. అప్పుడు చిన్న పడవ వలనుకూడ విడిచి పారిపోవలసినదే. ఇట్లు దొరకు చేపలలో ముఖ్యమైనది బొంబిలి. మెత్తని ఒడలు గల ఈ చేపను వెదురుకట్టలపై వ్రేలాడదీసి ఎండబెట్టుట ఆడువారి పని. పురుషులు సముద్రముమీద నెంతసేపుందురో అంతకంటె ఎక్కువసేపు స్త్రీలు ఒడ్డున శ్రమింతురు.

ఈ పని ఎప్పుడు మొదలిడవలెనో నిర్ణయించునది శ్రావణ పూర్ణిమ. తెలుగునాట జంధ్యాల పున్నమి యని పిలువబడు ఆనాడు గుజరాతు తీరమున సముద్రునకు కొబ్బరికాయ సమర్పింతురు. అందుచేతనే అది నారియేళీ పూనమ్. జ్యేష్ఠము కడపట ఒడ్డునకు లాగిన పడవలను ఆ రెండు మాసములలో సరిచేసికొందురు. పగుళ్లు పూడ్చి నూనె పట్టింతురు. చిరిగిన వలలు అల్లుకొందురు. పున్నమినాడు కాయ నీటిలో వేసిన తరువాతనే పడవ నీటిలో దిగును. పాశ్చాత్యులు వేసవి కడపటి దినములని చెప్పు ఆగస్టు, సెప్టెంబరు మాసములు ఇట్లు ఈ తీరమునకు సంవత్సరాది. పూర్వము మక్కానుండి మరలివచ్చు యాత్రికుల నౌకలును, సువాలీ రేవునకు ఐరోపానుండి వచ్చు కంపెనీ నౌకలును వర్షములు వెనుకబట్టిన పిమ్మటనే సూరతు చేరెడివి. తపతి మొగలో ఇసుకతిన్నె అడ్డముండుటచే పెద్ద నౌకలు సువాలీవద్ద ఆగిపోయెడివి. సరకులను చిన్న పడవలే నగరమునకు మోసెడివి. చక్రవర్తి యోడకును మాఛీ పడవకును పంచాంగ మొక్కటియే.

ఈ ఆచారమును భక్తి యని మాత్రమే తలచుట పొరపాటు. ఆ రెండు మాసములు గాలివానకు భయపడు కాలము. పెక్కు జాతుల చేపలకు గ్రుడ్లుపెట్టు కాలముకూడ. జాలరి తన ప్రాణమును కాపాడుకొనుటకు ఒడ్డున నిలువగా, ఆ నిలకడవలన చేపయు నిలిచినది. ఏ ప్రభుత్వమును శాసింపని ఈ నియమమును చిన్న పడవలు శతాబ్దములపాటు పాటించినవి.

తెలుగు తీరమునకు వచ్చినచో పరీక్ష వేరు. ఇచ్చట పోటు చిన్నది; కాని ఇసుకయొడ్డున విరుగు కెరటము పెద్దది. ఒడ్డును వదలుటయే కష్టము, ఒడ్డు చేరుట అంతకంటె కష్టము. అందుకే మన జాలరులు, వాడబలిజలు, పట్టపువారు ఎక్కువగా తెప్పను నమ్మిరి. తేలిక దూలములను త్రాళ్లతో బిగించి కట్టిన తెప్ప కెరటమును ఢీకొనదు. నీటిని తనలోనుండి పోనిచ్చును. వేట ముగిసినంతనే దూలములను విప్పి ఆరబెట్టుదురు. మరునాడు మరల కట్టుదురు. మసూలా పడవకు మేకులుండవు. పలకలను కొబ్బరినారతో కుట్టుదురు. కెరటము గుద్దినపుడు మేకు పలకను చీల్చును, కుట్టు వంగి తట్టుకొనును. ఒకచోట పోటునకు లోబడిన వల, ఒకచోట కెరటమునకు వంగిన పడవ: రెండును ఒక్క వివేకమునుండి పుట్టినవే.

వర్షములు ముదిరిన ఆ దినములలో ఒకే చేప రెండు తీరములను కలుపును. సముద్రమునుండి క్రొత్తనీటికి ఎదురీది గోదావరిలో ప్రవేశించునప్పుడు దానికి పులస యని పేరు. ఆ చేపయే నర్మద మొగలో భరూచి ప్రాంతమున దొరకును. అది గ్రుడ్లు పెట్టుటకు ఏరు ఎక్కును. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైనది మొదలు గోదావరిలో దాని ప్రయాణము అక్కడనే ఆగిపోయినది. ఇది చేపకు కలిగిన మొదటి అడ్డంకి. జాలరికి కలిగిన అడ్డంకి నూరేండ్లు గడచిన పిమ్మట వచ్చినది.

1952లో కుదిరిన భారత–నార్వే ఒప్పందముతో కేరళ తీరమున చేపలవేటకు యంత్రము ప్రవేశించెను. తరువాతి దశాబ్దములలో రొయ్యకు విదేశములలో గిరాకి పెరిగినది. సముద్రపు అడుగును దువ్వుకొనిపోవు ట్రాలరు రెండు తీరములకును వ్యాపించినది. యంత్రమునకు గాలితో పనిలేదు గనుక పున్నమితోను పనిలేకపోయినది. చిన్న పడవలు శతాబ్దములు కాపాడిన విరామము కొలది యేండ్లలో సడలినది. చేప తగ్గినది. అప్పుడు ప్రభుత్వములు మేల్కొని, జాలరి పంచాంగమునే చట్టముగా వ్రాయవలసి వచ్చినది. 1994లో ఆంధ్రప్రదేశ్ సముద్రజలముల చేపలవేట నియంత్రణ చట్టము వచ్చెను. దాని నియమములు ఒడ్డునుండి 8 కిలోమీటర్ల మేర మరలేని సంప్రదాయపు పడవలకు విడిచినవి. 2015 మొదలుకొని కేంద్రప్రభుత్వము వేటవిరామమును 61 దినములకు పెంచినది: తూర్పుతీరమున ఏప్రిల్ 15నుండి జూన్ 14 వరకు, పడమటితీరమున జూన్ 1నుండి జూలై 31 వరకు. మరలేని పడవకు ఈ నిషేధము వర్తింపదు. ఎవరి ఆచారమునుండి ఈ శాసనము పుట్టెనో వారి కిది శిక్ష కాకుండుట న్యాయమే. కాని శాసనము వచ్చునాటికే ఆ పడవలు చాలవరకు ఒడ్డున ఎండిపోయినవి. దూలపు తెప్ప స్థానమున యంత్రము బిగించిన ఫైబరు పడవ వచ్చినది. దానిని కొనలేనివాడు కూలియైనాడు.

ఆ కూలి ప్రయాణము గుజరాతువైపే. తెలుగువారికి గుజరాతు క్రొత్తది కాదు. తెలంగాణపు పద్మశాలీలు మగ్గము వెంట సూరతు చేరి స్థిరపడిరి. అక్కడి నగరపాలక సంస్థ వారి పిల్లలకై తెలుగు పాఠశాలలను నడపినది. మగ్గము సూరతునకు పిలిచినట్లే పడవ వేరావలునకు పిలిచినది. శ్రీకాకుళపు తీరము 190 కిలోమీటర్లకు మించినదైనను, మర పడవలు నిలుచుటకు తగిన చేపలరేవు లేకుండెను. అందుచే ఆగస్టు మాసమున, గుజరాతువారు కొబ్బరికాయ సమర్పించు దినములలోనే, ఆ పల్లెలలోని పురుషులు వేరావలు పోయి పరుల ట్రాలర్లపై నెలల తరబడి పనిచేయుదురు. 2018 నవంబరులో అట్లు పోయినవారిలో ఇరువదిమందికి పైగా పాకిస్తాను గస్తీనౌకలకు చిక్కి కరాచీ చెరసాలలో పడిరి. నీటిమీద గీత కనబడదు. ఆ సముద్రమున రెండు దేశములకును సరిహద్దు నేటికిని తేలలేదు. 2020 జనవరి 6వ తేదీన ఇరువదిమంది వాఘావద్ద స్వదేశమున అడుగుపెట్టిరి. ఇంటి ముంగిటి సముద్రము కూడు పెట్టియుండినచో వారు ఆ గీతవరకు పోయెడివారు కారు.

వారి కథతో ఒక మాటయు ప్రచారమునకు వచ్చినది. పడవను నడపు పెద్దను గుజరాతులో తండేల్ అందురు. 2025లో వచ్చిన తెలుగు చలనచిత్రమునకు అదియే పేరు. పెక్కుమంది దీనిని గుజరాతునుండి క్రొత్తగా వచ్చిన మాటగా తలచిరి. కాని 1886లో వెలువడిన హాబ్సన్–జాబ్సన్ నిఘంటువు మలయాళ, మరాఠీ రూపములతోపాటు తెలుగు తండేలును సైతము పేర్కొన్నది. మన తీరమున నూరేండ్లకు పూర్వమే ఉన్న మాటను మనమే మరచి, పరాయి రేవునుండి మరల తెచ్చుకొంటిమి.

బాలూమియా సముద్రమును వదలుకొన్నపుడు ఒక కాగితము వ్రాయబడినది. దానికి మారుగా భూమి వచ్చినది. చిన్న పడవవాడు సముద్రమును కోల్పోయినపుడు ఏ కాగితమును లేదు, ఏ భూమియు రాలేదు. అతనితో కూడ పోవుచున్నవి అతని మాటలు: గాలికి, నీటివాలునకు, కెరటము విరుగు తీరునకు, తెప్ప కట్టుముడికి అతడు పెట్టిన పేర్లు. సాగుభూమికి సంబంధించిన మాటలు మన సాహిత్యమున చేరినంతగా ఇవి చేరలేదు. వ్రాయదలచిన రచయితకు వీనిని చెప్పగల వృద్ధులు ఉత్తరాంధ్ర పల్లెలలో ఇంకను ఉన్నారు. సూర్యోదయమునకు ముందు పోయినచో వారు ఒడ్డుననే దొరకుదురు. కెరటములను చూచుచు, నేడు పడవ దించవలెనా వలదా యని ఆలోచించుచుందురు.