రాస్ప్‌బెర్రీ పై వైఫైలో కనిపించట్లేదా? ముందు ఐపీ అడ్రస్ చూడండి

ఫిల్మ్‌నగర్‌లోనో జూబ్లీహిల్స్‌లోనో ఇంట్లోనే ఎడిటింగ్ చేసుకుంటూ, ఫుటేజీ బ్యాకప్‌కు రాస్ప్‌బెర్రీ పై పెట్టుకున్నారా? నిన్న తెరుచుకున్న ఫోల్డర్ ఇవాళ తెరుచుకోకపోతే కంగారుపడి కార్డు ఫార్మాట్ చేయకండి. చాలాసార్లు ఫైళ్లు భద్రంగానే ఉంటాయి, మారేది అడ్రసే. వరుసగా ఇవి చూడండి.

1. రౌటర్ పేజీ (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1) తెరిచి, కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూడండి. కొత్త అడ్రస్ కనిపిస్తే దానితోనే తెరవండి.

2. జాబితాలోనే లేదా? 3బీ, జీరో డబ్ల్యూ మోడళ్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. 5 గిగాహెర్ట్జ్ పనిచేయదు.

3. మానిటర్ తగిలించి చూస్తే అడ్రస్ 169.254తో మొదలైందా? రౌటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. ముందు రౌటర్‌ను, తర్వాత బోర్డును రీస్టార్ట్ చేయండి.

4. ల్యాప్‌టాప్ గెస్ట్ వైఫైలో ఉంటే మెయిన్ వైఫైకి మార్చండి.

మళ్లీ ఈ తిప్పలు లేకుండా, రౌటర్ డీహెచ్‌సీపీ సెట్టింగ్స్‌లో బోర్డు మ్యాక్ అడ్రస్‌కు ఒకే ఐపీని రిజర్వ్ చేయండి.

ఇంట్లో ఏ పరికరానికీ నెట్ రాకపోతే లోపం బోర్డుది కాదు. కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోండి. పరిష్కారం కాకపోతే, ట్రాయ్ నిబంధనల ప్రకారం ఆ కంపెనీ అప్పీలేట్ అథారిటీకి రుసుం లేకుండా అప్పీలు చేసుకోవచ్చు.