విజ్ఞానసర్వస్వమున చోటు : మెట్ట కృష్ణాసీమ నుండి ఒక పరిశీలన

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో గ్రామములపై వేలకొలది పుటలు కలవు. జనాభా లెక్కలలో పేరున్న చాలును, గ్రామమునకు అందు చోటు దొరకును. మైలవరమునకు చేరువనున్న రెడ్డిగూడెమునకును, పూర్వము కృష్ణాజిల్లాలోనుండి 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఆ మెట్టప్రాంతపు తక్కిన గ్రామములకును ఇట్లే చోటు లభించినది. అయితే గ్రామమునకు దొరకినంత సులభముగా గ్రామస్థునకు దొరకదు. ఒక వ్యక్తిపై పుట నిలువవలెనన్నచో, అతనితో సంబంధము లేనివారు విశ్వసనీయమైన ప్రచురణలలో అతనిని గూర్చి తగినంత విపులముగా వ్రాసియుండవలెను. లేనిచో పుట తొలగింపు చర్చకు వచ్చును. ఈ నియమమునకే విషయప్రాముఖ్యమని పేరు.

నియమము అకారణముగా పుట్టినది కాదు. ఇది లేనిచో సన్మానపత్రములును అభినందనసంచికలును విజ్ఞానసర్వస్వమంతట పరచుకొనును. తమ జీవితమును తామే వ్రాసికొని ప్రకటింపగల కవులకు మనలో కొరత లేదు. కాని ఈ నియమము కొలుచునది మనిషి చేసిన కృషినా, ఆ కృషి అచ్చునకెక్కిన తీరునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఆ మెట్టసీమలోనే పుట్టిన ఒక కుటుంబము మనకు మిక్కిలి తోడ్పడును.

నందిగామ, జగ్గయ్యపేటలకు నడుమ మునియేటి యొడ్డున పెనుగంచిప్రోలు కలదు. కొమర్రాజు వెంకటలక్ష్మణరావుగారు 1877లో అచ్చట జన్మించిరి. నైజాము గ్రామముల నడుమ ద్వీపమువలె నుండిన మునగాల పరగణా నాడు కృష్ణాజిల్లాలోనిది. ఆ సంస్థానమున దివానుగా నుండి, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పుటలో వారు ప్రముఖపాత్ర వహించిరి. పిదప ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. వారి సంపాదకత్వమున మూడు సంపుటములు వెలువడినవి. అవి అకారముతో మొదలగు విషయములకే సరిపోయినవి. 1923లో వారు గతించిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తరువాత ఆ భారమును తలకెత్తుకొనిరి.

ఇందొక విశేషమును గమనింపవలెను. అకారాది క్రమమున నడచు అచ్చుపుస్తకమున, ధనము, కాగితము, సంపాదకుని ఆయుర్దాయము కూడ ఎవరికి చోటు దొరకునో నిర్ణయించును. 'అ'తో పేరు మొదలగుట యొక భాగ్యము. 'క'తో మొదలగు కొమర్రాజువారికి తాము కూర్చిన సంపుటములలోనే వంతు రాలేదు. అంతర్జాలమున కాగితపు కొరత తీరినది. ఆ కొరత కూర్చున్న పీటమీద నేడు ఆధారముల కొరత వచ్చి కూర్చున్నది.

లక్ష్మణరావుగారి అక్క బండారు అచ్చమాంబ. ఈమెయు పెనుగంచిప్రోలుననే 1874లో జన్మించెను. పాఠశాల చదువు లేదు. బాల్యముననే వివాహమై, భర్త మాధవరావుగారి ఉద్యోగరీత్యా నాగపురమునకు వెళ్లి, తమతోనుండి చదువుకొనుచున్న తమ్మునితోపాటు తానును చదువుకొనెను. 1901లో 'అబలాసచ్చరిత్రరత్నమాల'ను ప్రకటించెను. తమ్ముని మొదటి సంపుటమున కిది పదునాలుగేండ్లు ముందుది. దీనిని కేవలము నీతిబోధకగ్రంథముగా చదువుట పొరపాటని నా అభిప్రాయము. ఎవరి జీవితము లిఖింపదగినదను ప్రశ్నకు అది యొక సమాధానము. ఆమె గ్రంథమును మూడు భాగములుగా తలపోసెను. వేదపురాణములయందలి స్త్రీలను రెండవ భాగమునకు, విదేశస్త్రీలను మూడవ భాగమునకు ఉంచి, చరిత్రకందిన భారతస్త్రీలను మొదటి భాగమున నిలిపెను. సీతాసావిత్రులను ముందు నిలిపినచో, వారు దేవతాంశ గలవారని ప్రతిపక్షి తప్పించుకొనవచ్చును. చరిత్రలోని స్త్రీని అట్లు తప్పించుట సాధ్యము కాదు. స్త్రీలు సహజముగా అసమర్థులను వాదమును ఖండింప దలచిన రచయిత్రికి ఈ క్రమము ఎంతయు తగినది. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించిన అచ్చమాంబ, ముప్పది యేండ్ల ప్రాయముననే మరణించెను. మూడు భాగములు పూర్తికాలేదు.

ఇతరుల చరిత్రకు ఆధారములు వెదకి కూర్చిన ఆమెకు తరువాతివారు ఏ చోటిచ్చిరి? ఆమె 'ధనత్రయోదశి' 1902లో 'హిందూసుందరి' పత్రికలో వెలువడినది. గురజాడవారి 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'యందు వచ్చినది. తొలికథ యేదను వాదము నేటికిని తెగలేదు. ఇతర రచనలను ముందుంచువారును కలరు. ఆ వాదము నాకిచ్చట ముఖ్యము కాదు. అచ్చమాంబ కథలు పాతపత్రికల కట్టలలో పడియున్నంత కాలము ఆమె పేరు ఆ వాదమున గట్టిగా వినబడలేదు. 2010లో సంగిశెట్టి శ్రీనివాస్ వానిని పుస్తకముగా ప్రకటించిన పిదపనే చర్చ బలపడినది. ఆమె చేసిన కృషి 1902లో ఎంతయో 2010లోను అంతియే. మారినది ఆధారము అందుబాటులోనికి వచ్చుట మాత్రమే.

మునగాల చుట్టునున్న నైజాము రాష్ట్రమున ఇట్టిదే మరియొక ఉదాహరణము కలదు. తెలంగాణమున కవులు లేరను మాటకు సురవరము ప్రతాపరెడ్డిగారు వాదముతో బదులు చెప్పలేదు. 354 మంది కవులను 1934లో 'గోలకొండ కవుల సంచిక'యందు అచ్చువేసి చూపిరి. సంచిక రాక మునుపును ఆ కవులు కవులే.

అంతర్జాతీయముగ చూచినను ఇంతియే. కెనడా భౌతికశాస్త్రజ్ఞురాలు డోనా స్ట్రిక్‌లాండ్‌పై వ్రాసిన చిత్తుప్రతిని 2018 మే నెలలో ఆంగ్ల వికీపీడియా, చూపిన ఆధారములు చాలవని త్రోసిపుచ్చినది. ఆ యేటి అక్టోబరు 2వ తేదీన ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటింపబడినది.

కావున నియమమును సడలింపుడని వికీపీడియావారిని కోరుట సరియైన మార్గమని నేను తలపను. వారు ఆధారములను సృజించువారు కారు, సృజింపరాదు కూడ. ఆ పని మనది. రెడ్డిగూడెమువంటి గ్రామమున ముప్పది యేండ్లు పాఠము చెప్పిన ఉపాధ్యాయుడో, భజనమండలికి కీర్తనలు కట్టిన గాయకుడో యున్నచో, పాఠశాల దస్తావేజులను, చేతివ్రాత పుస్తకములను, ఆ తరమువారి సాక్ష్యములను ఒకదానితో నొకటి సరిచూచి, తేదీలతో ప్రకటింపదగినవారు పరిశోధక విద్యార్థులే. మన సిద్ధాంతవ్యాసములలో పెక్కు పేరుపొందిన పది, పండ్రెండుగురు కవుల చుట్టే తిరుగుచున్నవి. పదకొండవసారి పరిశీలింపబడిన కవికి కలుగు లాభము స్వల్పము.

ఇందొక చిక్కు లేకపోలేదు. గురువును గూర్చి శిష్యుడును, తండ్రిని గూర్చి కుమారుడును వ్రాసినది స్వతంత్రమైన ఆధారము కానేరదు. మన శాఖల సంచికలలో అట్టి వ్యాసములు తక్కువేమియు కావు. నేనును ఒకటి వ్రాసితిని. పై నియమము ననుసరించి చూచినచో అది లెక్కకు రాదు.