బండి ఎక్కడ ఆగాలి?

స్త్రీల చదువు చరిత్రని మనం ఇంతకాలం బడి గదుల్లోంచే రాస్తూ వచ్చాం. బడి ఎవరు పెట్టారు, ఏ సంవత్సరంలో పెట్టారు, ఎంతమంది చేరారు - అంతవరకే. ఆ పిల్లలు ఎట్లా వెళ్లారు, ఎవరి తోడుతో వెళ్లారు, ఎన్నింటికల్లా ఇల్లు చేరాల్సి వచ్చింది అన్నది ఆ లెక్కల్లోకి రాలేదు.

గోదావరి జిల్లాల సంగతే చూద్దాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పంటలకే కాదు, పడవ ప్రయాణాలకీ దారులయ్యాయి. అదే ధవళేశ్వరంలో 1874లో కందుకూరి వీరేశలింగం ఆడపిల్లల బడి పెట్టారు. బడి వచ్చింది గానీ, 'పరువు గల' ఇంటి ఆడది వీధిలో నడవకూడదన్న కట్టుబాటు పోలేదు. మేనా అయినా గూడుబండి అయినా తెర ఉండాల్సిందే. ఆ మేనా మోసిన బోయీల భుజాలూ, పొలాలకి కాలినడకన పోయిన కూలి స్త్రీల పాదాలూ ఎవరి చరిత్రలోకీ ఎక్కలేదు. 1974లో రాజమండ్రి - కొవ్వూరు మధ్య రోడ్డు, రైలు వంతెన వచ్చాకే అక్కడ సొంత బండి మీద వంతెన దాటడం సాధ్యమయింది. కానీ సొంత బండి ఎవరిది? ఇంట్లో మొదటి సైకిలు తండ్రిది, రెండోది అన్నది.

ఆ సైకిలు ఆడపిల్ల చేతికొస్తే ఏమవుతుందో బీహార్ చూపించింది. 2006లో అక్కడ తొమ్మిదో తరగతి అమ్మాయిలకి ప్రభుత్వం సైకిళ్లిచ్చింది. హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ పరిశోధన తేల్చింది. మన రాష్ట్రంలో 'బడికొస్తా' పథకం 2017లో వచ్చింది.

ఎలక్ట్రిక్ బండికీ స్త్రీలకీ ఉన్న సంబంధం కూడా పాతదే. వందేళ్ల కిందట అమెరికాలో హాండిల్ తిప్పి స్టార్ట్ చేసే పెట్రోలు కారు మగవాళ్లదనీ, చప్పుడూ పొగా లేని ఎలక్ట్రిక్ కారు ఆడవాళ్లదనీ విభజించారు. పెట్రోలు కార్లు తయారుచేసిన హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా నడిపింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారునే! కాస్త దూరమే పోగల బండి స్త్రీకి చాలుననుకోవడంలోనే ఉంది అసలు సంగతి. ఆమె ఎంత దూరం వెళ్లాలో ముందే ఎవరో కొలిచి పెట్టారు.

ఆ కొలత ఇప్పుడు మన క్యాంపస్‌లలో బళ్ల స్టాండు రూపంలో ఉంది. నేను పరిశోధన చేసిన విశ్వవిద్యాలయంలో లైబ్రరీ రాత్రి ఎనిమిదిదాకా తెరిచి ఉండేది. స్టాండుకి మాత్రం ఆరింటికే తాళం. మగపిల్లలు బళ్లు ఎక్కడో చెట్ల కింద పెట్టుకునేవాళ్లు. దీపం లేని ఆ చెట్ల కిందికి ఒంటరిగా వెళ్లలేక మేం ఐదున్నరకే పుస్తకాలు మూసేవాళ్లం. రోజుకి రెండున్నర గంటలు. ఏళ్ల తరబడి కలిపితే ఎన్ని పుస్తకాలో!

2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం రాజమండ్రి ఊళ్లో కాదు, రాజానగరం దగ్గర జాతీయ రహదారి పక్కన ఉంది. అట్లాంటి చోట చదువుకోవడం అంటే ముందు ప్రయాణం చేయడమే. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సులో స్త్రీలకి టిక్కెట్టు లేదు. మంచిదే. కానీ బస్సు వేళలు దాటాక ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. గంటకి 25 కిలోమీటర్లు మించని, 250 వాట్ల లోపు చిన్న ఎలక్ట్రిక్ స్కూటరుకి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. మామూలు ప్లగ్గు దగ్గర కొన్ని గంటలుంచితే చాలు, క్లాసులు ముగిసేలోపు చార్జింగ్ అవుతుంది. అయితే అద్దె గది అమ్మాయికి ఇంటాయన ప్లగ్గు ఇవ్వకపోవచ్చు. అప్పుడు క్యాంపస్‌లో ఆ ప్లగ్గు ఎక్కడుందన్నదే ఆమె చదువుకి హద్దు అవుతుంది.

అది అధికారుల కార్ల పక్కన ఉంటుందా? లైబ్రరీ పక్కన, అమ్మాయిల హాస్టలు పక్కన, రాత్రి దీపం వెలుగులో ఉంటుందా? తెల్లారకముందే వచ్చి ఆ గదులన్నీ ఊడ్చే స్త్రీలు ఏ బండీ లేకుండా షేర్ ఆటోలో వేలాడుతూ వస్తున్నారు, వాళ్ల దారి సంగతేమిటి? స్థలం కేటాయించేటప్పుడు ఈ ప్రశ్నలు వేసే స్త్రీ ఒక్కరైనా ఆ కమిటీలో ఉండాలి. లేకపోతే బండి మారుతుంది, తెర మాత్రం అట్లాగే ఉంటుంది.