వీడియోకూ ఒక లిపి ఉన్నది

తెలుగు పండితునికి వీడియోలతో ఏమి పని అని మిత్రులు కొందరు అడుగుతున్నారు. తాళపత్రాలతో పని ఉన్నవానికి వీటితోనూ పని ఉన్నది. రెండుచోట్లా చిక్కు ఒక్కటే. వ్రాసిన లిపిని చదవగలిగేది మిగిలి ఉండాలి. ప్రతి తీసినప్పుడల్లా ఏమి జారిపోయినదో మనకు తెలియాలి.

మన దేశపు టెలివిజన్ అనుసరించిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 చిత్రాలు కదులుతాయి. 720×576 చుక్కల చిత్రాలను కుదించకుండా దాచితే గంట నిడివికి సుమారు 75 జీబీ కావాలి. అందుచేత కుదించి వ్రాయడం, విప్పి చదవడం తప్పనిసరి అయినవి. ఆ రెండు పనులూ చేసే సాధనమే కోడెక్. ఏవీఐ, ఎంపీ4 అనేవి కోడెక్కులు కావు. అవి గ్రంథానికి వేసిన అట్టల వంటివి. ఫైలు పేరు చివర ఏవీఐని కొట్టివేసి ఎంపీ4 అని వ్రాస్తే లోపలి లిపి మారదు. వ్యాకరణానికి కావ్యం అట్ట వేసినట్లే అవుతుంది. యూనికోడ్‌కు పూర్వపు ఖతులలో టైపు చేసిన తెలుగు, ఆ ఖతి లేని యంత్రంలో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనబడడం పాఠకులకు అనుభవమే. కోడెక్ లేని యంత్రంలో వీడియోకు పట్టే గతి కూడా అటువంటిదే: ధ్వని వినబడుతుంది, బొమ్మ నల్లగా ఉంటుంది.

ఈ లిపులు ఎంత త్వరగా మారినవో చూడండి. జపానులో 1976లో వెలువడిన వీహెచ్‌ఎస్ క్యాసెట్టు కొన్నేళ్లకు మార్కాపురం, గిద్దలూరు, కంభం పెళ్లిపందిళ్ల దాకా వచ్చింది. 1993లో వీసీడీ ప్రమాణం ఏర్పడింది. దాని లిపి ఎంపెగ్-1, చిత్రం 352×288 చుక్కలు, ఒక్కో బిళ్లకు 74 నిమిషాలు. తరువాత ఎంపెగ్-2 లిపితో డీవీడీ, 2003లో హెచ్.264, 2013లో హెచ్ఈవీసీ వచ్చినవి. శాసనలిపి మారడానికి శతాబ్దాలు పట్టింది. ఇక్కడ ఒకే ఇంట్లో తల్లి పెళ్లి ఒక లిపిలోనూ, కూతురి పెళ్లి వేరొక లిపిలోనూ ఉన్నవి.

ఇందువలన కలిగే నష్టానికి ఒక ఉదాహరణ చెబుతాను. 1990లలో మా ప్రాంతంలోని ఒక పాఠశాలలో అష్టావధానం జరిగింది. పృచ్ఛకులలో నేనూ ఒకడిని. దానిని వీహెచ్‌ఎస్ మీద తీయించారు. పదేళ్ల తరువాత ఒక స్టూడియోవారు వీసీడీగా మార్చి ఇచ్చి, ఆ క్యాసెట్టు మీదనే మరొక వేడుకను రికార్డు చేసుకున్నారు. పలకల ఊరి చుట్టుపక్కల ఉన్నవారికి తుడిచి వ్రాయడం తప్పుగా తోచలేదు కాబోలు! ఆ వీసీడీని మరొకరు డీవీడీ చేయించారు. వీసీడీ చిత్రంలో ఉన్న చుక్కలు డీవీడీ చిత్రంలోని చుక్కలలో నాలుగో వంతు మాత్రమే. లేని చుక్కలు పెద్ద బిళ్లకు ఎక్కించినంత మాత్రాన పుట్టవు.

గిద్దలూరులో వీడియో మిక్సింగ్ చేసే నా పూర్వవిద్యార్థి ఈమధ్య దానిని చక్కదిద్దబూనినాడు. మొదట ముఖాలన్నీ అడ్డంగా సాగి కనిపించినవి. 4:3 కొలతలో తీసిన బొమ్మను ఎవరో 16:9 చట్రంలోకి లాగినారు; కొలత సరిచేయగానే మనుషులు మనుషులైనారు. రెండవది, పద్యం ఒకచోట, పెదవులు మరొకచోట. క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు కొన్ని ఫ్రేములు జారిపోతే ధ్వని క్రమంగా తప్పుతుంది. అతడు ధ్వనిని ముక్కలుగా కోసి, చప్పట్ల వద్ద సరిపోల్చి కూర్చినాడు. (ఇప్పటి ఫోను వీడియోలలోనూ ఈ తేడా వస్తుంది. వాటిలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. ఎడిటింగుకు ముందే స్థిరవేగానికి మార్చుకోవాలి.) మూడవ చిక్కు ఎక్స్‌పోర్టులో వచ్చింది. పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఉన్నందున 4 జీబీ దాటిన ఫైలును స్వీకరించలేదు. ఎక్సెఫ్యాట్ పద్ధతికి మార్చగానే అదీ తీరింది.

తీరని చిక్కు ఒక్కటి మిగిలినది. అప్రస్తుత ప్రసంగంలో అవధాని నవ్విన నవ్వు ఉండవలసినచోట చదరాలు మాత్రమే ఉన్నవి.

సి.పి. బ్రౌను కడపలో పండితులను నియమించి, ఒకే గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి పోల్పించినాడు. అలా పరిష్కరించిన వేమన పద్యాలు 1829లో అచ్చయినవి. లేఖకుడు ఒక అక్షరం తప్పినా గణం, యతి, ప్రాస పట్టిస్తాయి. ఛందస్సు పద్యానికి కాపలా కాస్తుంది. మా అవధానంలో వినబడని రెండు మూడు అక్షరాలను నేను ఆ విధంగానే పూరించగలిగినాను. నవ్వుకు యతి లేదు, ప్రాస లేదు. కోడెక్ అనవసరమని తలచి వదలిన దానిని ఏ పండితుడూ పూరింపలేడు. కొత్తగా వచ్చిన కృత్రిమ మేధ ఆ చదరాల స్థానంలో ఒక నవ్వును గీయవచ్చును. అది ఆయన నవ్వు కాదు, ప్రక్షిప్తం.

కావున మూలప్రతిని పారవేయకండి. క్యాసెట్టు ఉంటే బూజు పట్టకముందే నేరుగా దాని నుంచే ఎక్కించుకోండి. వీసీడీ నుంచి వద్దు. ఎడిటింగు ముగిసిన తరువాత ఎఫ్ఎఫ్‌వీ1 వంటి నష్టంలేని కోడెక్‌లో ఒక ప్రతి దాచి, చూసుకోవడానికి హెచ్.264లో వేరొకటి తీసుకోండి. అట్ట మాత్రమే మార్చవలసి వస్తే లోపలి లిపిని తిరగవ్రాయించవద్దు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆ పనిని నష్టం లేకుండా చేస్తుంది. 2000లో మొదలైన ఆ సాఫ్టువేరు మూలం అందరికీ బహిరంగంగా ఉన్నది. దానిని చదివేవారు ఉన్నంతకాలం ఈ లిపులు అంతరించవని నా ఆశ.

మీ ఇంటి అటకమీద క్యాసెట్లు ఉంటే ఈ ఆదివారం ఒకసారి దింపి చూడగలరని మనవి.