చేతితో దట్టించిన మందు

మొన్న మాఘమాసంలో నా పూర్వశిష్యుడొకడు ఎమ్మిగనూరుకు వచ్చాడు. ఆదవానిలో ప్రత్తి వ్యాపారం చేసుకొంటున్నవాడు. కుశలప్రశ్నలయ్యాక, "అయ్యవారూ, కొత్త రివాల్వరు కొందామనుకొంటున్నాను, మీరేమంటారు?" అన్నాడు. జీవితమంతా పిల్లలచేత ఉత్పలమాలకు గణవిభజన చేయించిన నన్ను!

అతనికి లైసెన్సుంది. తండ్రినాటి ఇంగ్లీషు రివాల్వరు కూడా ఉంది. అయితే దాని తూటాల చక్రం వదులైపోయింది. కొత్తదాని ధర విని వెనుకాడుతున్నాడు. అసలు సంగతి తరువాత మెల్లగా బయటపెట్టాడు. కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలలో తిరిగి మందు నింపి సగం ధరకు ఇస్తామని ఎవరో అన్నారట. "పాతదానితోనే సరిపెట్టుకొంటే పోలా?" అని అతని ఆలోచన.

నాకు వెంటనే మా పెదనాన్నగారి కుడిచేయి కళ్లముందు కదిలింది. దానికి బొటనవ్రేలూ చూపుడువ్రేలూ ఉండేవి కావు.

మా పెదనాన్నగారి దగ్గర భర్మారు తుపాకి ఉండేది. అడవిపందుల బాధకు పెట్టుకొన్నది. గొట్టం మూతినుంచి మందు పోసి, పీచు కూరి, రవ్వలు వేసి, గజంతో దట్టించాలి. ఒకనాటి రాత్రి మందు పోసి దట్టిస్తుండగా చేనిగట్టునుంచి ఎవరో కేకవేశారు. వెళ్లి తిరిగివచ్చి, పోసిన సంగతి మరచి మళ్లీ పోశారు. పేల్చేసరికి గొట్టం మొదట్లోనే చీలింది. అప్పటికి నాకు తొమ్మిదేండ్లు. ఆ తరువాత ఆయన ఎడమచేతితో వ్రాయడం నేర్చుకొన్నారు. నాకు అమరం మొదటి వర్గం వ్రాసియిచ్చింది ఆ ఎడమచేతి వ్రాతే.

ఈ సీమకు మందుగుండుతో పరిచయం నిన్న మొన్నటిది కాదు. ఆదవాని కొండకోట విజయనగరం తరువాత బిజాపురం వారికీ, ఆపైన మొగలాయీలకూ, నిజాముకూ చేతులు మారింది. నిజాము తమ్ముడు బసాలత్ జంగ్ ఇక్కడే జాగీరు ఏలుతూ ఫ్రెంచివారిని కొలువులో పెట్టుకొన్నాడు. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి, కోట చేజిక్కగానే గోడలు పడగొట్టించి ఫిరంగులను తరలించుకొనిపోయాడు. 1800లో నిజాము దత్తం చేసిన మండలాలతోపాటు ఆదవాని కుంపిణీవారి పాలయింది.

అప్పుడు వచ్చిన ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. ఈ మండలాలలో ఆనాడు సుమారు 80 మంది పాళెగాండ్రున్నారు. వారివద్ద సాయుధులైన బంట్లు వేలమంది ఉండేవారు. 1800 నుంచి 1807 వరకు మన్రో చేసిన పనులలో రైతువారీ శిస్తు నిర్ణయాన్నే మనం పాఠాలలో చెప్పుకొంటాము. కాని పాళెగాండ్ర బలాన్ని విరిచి, కోటలను నిరుపయోగం చేయడం ఆ శిస్తుకు పునాది. గ్రామంలో తుపాకులుండగా కచేరీ మాట చెల్లదని ఆయనకు తెలుసు. తరువాత గవర్నరై ఈ సీమకు మళ్లీ వచ్చి, 1827 జూలైలో మన పత్తికొండలోనే కలరాతో కన్నుమూశాడు.

కర్నూలు కథ వేరు. అది అప్పటికి నవాబు చేతిలోనే ఉంది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాను రహస్యంగా ఆయుధాలు కూడబెడుతున్నాడని కుంపిణీవారికి అనుమానం కలిగింది. సోదా చేస్తే కోటలో ఫిరంగులూ, మందుగుండూ గుట్టలుగా బయటపడ్డాయి. అంతఃపురపు ఆవరణలోనే పోతపనుల కొలుములు దొరికాయి. జనానాలో ఫిరంగి పోతపోయడమనే మాట చదివినప్పుడల్లా నాకు నవ్వూ, దిగులూ రెండూ కలుగుతాయి. జోరాపురం వద్ద పోరు జరిగింది. నవాబును పట్టుకొని తిరుచిరాపల్లికి పంపారు. 1840లో అక్కడే తన సేవకుడి చేతిలో హతుడయ్యాడు.

ఇక 1878లో లిట్టన్ కాలపు ఆయుధాల చట్టం వచ్చింది. తెల్లవారికి మినహాయింపు, మనవారికి లైసెన్సు. 1953 అక్టోబరు వరకు ఆదవాని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే కనుక మా పెద్దల లైసెన్సు ప్రయాణాలన్నీ బళ్లారికే. ఇప్పుడున్నది 1959 నాటి చట్టం. 1962 నుంచి అమలులోకి వచ్చింది. పంట కాపుదలకు మూతినుంచి మందు దట్టించే తుపాకిని పేరుపెట్టి ప్రస్తావించింది ఈ చట్టం కూడా. అంటే పెదనాన్నగారి తుపాకికి నేటికీ చట్టంలో చోటుంది. తూటాలు తయారుచేయడానికి మాత్రం వేరే లైసెన్సు కావాలి.

శిష్యునికి ఇదంతా చెప్పాను. ఓపికగానే విన్నాడు. "రివాల్వరు సంగతి చెప్పండయ్యవారూ" అన్నాడు.

1836లో అమెరికాలో కోల్ట్ పేటెంటు పొందిన రివాల్వరు నిజానికి భర్మారుకు తమ్ముడే. చక్రంలోని ఒక్కొక్క గదిలో మందు పోసి, గుండు పెట్టి దట్టించాలి. ఒక గది నిప్పు పక్క గదికి అంటుకొని రెండు మూడు ఒకేసారి పేలడమూ ఉండేది. 1857లో స్మిత్, వెస్సన్ అనేవారు లోహపు తూటాతో రివాల్వరు తెచ్చాక ఆ బాధ తగ్గింది. 1889లో ఇంగ్లండులో కార్డైట్ అనే పొగరాని మందు పుట్టింది. నీలగిరులలోని అరువంకాడులో దానికి కర్మాగారమే వెలసింది.

అసలు ప్రమాదం ఇక్కడ మొదలయింది. పాత నల్లమందు గొట్టం నిండా పడుతుంది. రెండుసార్లు పోస్తే పొర్లిపోతుంది, కంటికి తెలుస్తుంది. కొత్త మందు శక్తి ఎక్కువ, పరిమాణం తక్కువ. గొట్టంలో సగం కూడా నిండదు. పరధ్యానంలో రెండవసారి పోసినా, గుండు బిగించాక పైకి ఏమీ కనపడదు. తక్కువ పోసినా ముప్పే. గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. అది గమనించక మరొకటి పేలిస్తే గొట్టం చీలుతుంది. పలుమార్లు వాడిన ఇత్తడి కూడా పగులుతుంది. అమెరికాలో స్వయంగా నింపుకొనేవారు చాలామంది ఉన్నారు. వారు ప్రతి కొలతనూ ముద్రిత పట్టికతో సరిచూసి త్రాసులో తూస్తారు, తాము నింపినది తామే పేలుస్తారు. సగం ధరకు అమ్మేవాడి త్రాసు ఎవరు చూశారు?

"పెదనాన్నగారు పోసింది కూడా తెలిసిన మందే నాయనా, తన చేతితోనే" అన్నాను. అతడు చాలాసేపు మాట్లాడలేదు.

1980ల మధ్యలో వ్యక్తులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం ఆగిపోయింది కనుక పాత ఇంగ్లీషు సరుకుకు ఇక్కడ అర్హతకు మించిన గౌరవం. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు కూడా వెబ్లీ నమూనాకు వారసురాలే. నడుము విరిచి ఆరు తూటాలు వేస్తారు. 2014లో స్త్రీల రక్షణకని నిర్భీక్ అనే తేలిక రివాల్వరు తెచ్చారు. బరువు 500 గ్రాములు, అప్పటి ధర సుమారు రూ.1.22 లక్షలు. ఆపదలో ఉన్న ఆడపిల్లలలో ఎందరు ఆ ధర పెట్టగలరో ఆ పేరు పెట్టినవారికే తెలియాలి.

పది రోజుల తరువాత శిష్యుడు ఫోను చేశాడు. పాత రివాల్వరు అప్పగించడానికీ, కొత్తదానికీ దరఖాస్తు పెట్టాడట. తూటాలు లైసెన్సున్న దుకాణంలోనే కొంటాడట. "అయ్యవారూ, పెదనాన్నగారి ఫోటో ఉందా?" అని అడిగాడు.

ఒక్కటే ఉంది. మా అక్క పెండ్లిలో తీసినది. అందులో ఆయన కుడిచేయి కండువా క్రింద ఉంది.