ఎలక్ట్రోడ్

ఎలక్ట్రోడ్ అన్న మాటను 1834లో ఫారడే ప్రవేశపెట్టాడు. గ్రీకులో ‘హోదోస్’ అంటే దారి. కరెంటు నడిచే దారి అన్నమాట. మన వెల్డింగ్ షాపుల్లో అది రాడ్. 7018 రాడ్‌లో 70 అంటే చదరపు అంగుళానికి కనీసం 70,000 పౌండ్ల తన్యబలం. చివరి 8 ఐరన్ పౌడర్ కలిసిన లో హైడ్రోజన్ పూతకు గుర్తు. ఈ ‘లో’ చాలా ముఖ్యం: పూతకు చెమ్మ పడితే ఆర్క్‌లో హైడ్రోజన్ పుట్టి లోహంలోకి దూరుతుంది. అతుకు చల్లారిన కొన్ని గంటల తర్వాత కూడా పగులు రావచ్చు. అందుకే ఈ రాడ్‌లను ఓవెన్‌లో వేడిగా ఉంచుతారు. ప్లేట్ల మధ్య సందు వదిలి ఓపెన్ రూట్ నేర్చుకునేవారు 7016తో మొదలుపెట్టడమే మంచిదంటాను. అందులో ఐరన్ పౌడర్ ఉండదు, సందులో కరిగిన లోహం అదుపులో ఉంటుంది. ఈ రెండింటిలో ఏ రాడ్ పట్టినా ఆర్క్ పొట్టిగానే ఉండాలి. సాగితే అతుకులో గాలి బుడగలు మిగులుతాయి.